కెరటం కంటే ముందు కబురు చేరాలంటే

2004 డిసెంబరు 26, ఆదివారం. మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు ఇండొనేసియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడ పుట్టిన సునామీ కెరటం చెన్నై, విశాఖపట్నం రేవులను తాకేసరికి తొమ్మిది దాటింది. అంటే మన తూర్పు తీరానికి దాదాపు రెండున్నర గంటల వ్యవధి దొరికింది. తీరం ఒడ్డున ఉన్న ఊరి జనమంతా పిల్లాపాపలతో లోపలికి నడిచిపోవడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అయినా ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో వంద మందికి పైగా, దేశం మొత్తం మీద పది వేలకు పైగా, 14 దేశాల్లో కలిపి సుమారు రెండు లక్షల ముప్పై వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

భూకంపం వచ్చిన సంగతి ఆ రెండున్నర గంటల్లో శాస్త్రజ్ఞులకు తెలియలేదా? తెలిసింది. హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం పావుగంటలోనే ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ కేంద్రం ఏర్పడింది పసిఫిక్ తీర దేశాల కోసం. అందుకే పసిఫిక్ తీరాలకు ముప్పు లేదని ఆ దేశాలకు చెప్పింది. భూకంప తీవ్రతను కూడా మొదట 8గానే లెక్కగట్టింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో ఈ కబురు ఎవరికి అందించాలి, అందుకున్నవారు ఏ తీరానికి ఎలా చేరవేయాలి అన్న ఏర్పాటు అప్పటికి ఏదీ లేదు. జ్ఞానం ఒకచోట ఉంది, ప్రమాదం ఇంకొకచోట ఉంది. రెండింటినీ కలిపే దారి లేదు.

ఆ రోజే పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే మత్స్యకార గ్రామంలో మరో రకంగా జరిగింది. ఆ ఊరి నుంచి సింగపూరు వెళ్లి పనిచేస్తున్న ఒక యువకుడు అక్కడి వార్తలు చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అప్పట్లో ఆ ఊళ్లో ఒక సమాచార కేంద్రాన్ని నడిపేది. సముద్రం ఎలా ఉందో, ఏ వైపు చేపలు దొరుకుతాయో రోజూ మైకులో చెప్పే కేంద్రం అది. కుర్రాళ్లు ఆ కేంద్రం తెరిచి అదే మైకులో అందరినీ ఊరు ఖాళీ చేయమన్నారు. ఇళ్లు, పడవలు పోయాయి కాని, మూడు వేలకు పైగా జనం బతికి బయటపడ్డారు. ఒక ఫోను, ఒక మైకు, రోజూ ఆ మైకు మాట నమ్మే అలవాటు కలిసి చేసిన పని అది.

విపత్తుల గురించి మాట్లాడేటప్పుడు మనం రాడార్ల గురించి, ఉపగ్రహాల గురించి, సూపర్ కంప్యూటర్ల గురించి ఎక్కువగా చెప్పుకుంటాం. అవన్నీ కావాలి. వాటిలో దేనికీ తీసిపోని సాధనం మరొకటి ఉంది. దేశాల మధ్య, సంస్థల మధ్య, శాస్త్రజ్ఞులకూ ఊరి జనానికీ మధ్య ముందుగానే కుదిరిన ఒప్పందం అది. ఎవరు ఏం కొలవాలి, ఎవరికి ఎప్పుడు చెప్పాలి, విన్నవాళ్లు ఏం చేయాలి అన్నది ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే తేల్చుకున్న చోట ప్రాణాలు నిలిచాయి. తేల్చుకోని చోట పోయాయి. గత యాభై ఏళ్ల బంగాళాఖాతం చరిత్ర మొత్తం దీనికి సాక్ష్యం.

ముప్పు పుట్టేది పక్క దేశపు నీళ్లలో

సునామీ ఎలా పుడుతుందో చూస్తే ఈ భాగస్వామ్యం ఎందుకు తప్పనిసరో అర్థమవుతుంది. సుమత్రా నుంచి అండమాన్ దీవుల దాకా సముద్రం అడుగున ఒక భూఫలకం మరో ఫలకం కిందికి చొచ్చుకుపోతూ ఉంటుంది. రెండూ ఒకదానికొకటి పట్టుకుపోయి వందల ఏళ్లు ఒత్తిడి పోగవుతుంది. 2004లో ఆ పట్టు దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున తెగింది. సముద్రపు అడుగు కొన్ని మీటర్లు పైకి లేచి, తన మీద ఉన్న నీటినంతా ఒక్కసారిగా ఎత్తింది. ఆ నీరు మళ్లీ సమతలానికి రావడానికి నాలుగు వైపులా పరుగెత్తడమే సునామీ.

ఆ పరుగు వేగం సముద్రం లోతును బట్టి ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట కెరటం గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. నడిసముద్రంలో దాని ఎత్తు మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఓడలో ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనక వచ్చే నీరు దాని మీదికి ఎక్కుతుంది. కెరటం మీటర్ల ఎత్తు లేచేది అక్కడే.

భూకంప తరంగాలు మాత్రం సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో నేలలో ప్రయాణిస్తాయి. నీటి కెరటం కంటే అవి ఎంతో ముందు వస్తాయి. మనకు దొరికే వ్యవధి అంతా ఈ తేడాలోనే ఉంది. దాన్ని వాడుకోవాలంటే భూకంపానికి దగ్గరగా ఉన్న పరికరాల రీడింగులు వెంటనే అందాలి. సుమత్రా భూకంపాన్ని అందరికంటే ముందు పట్టేవి ఇండొనేసియా కేంద్రాలు. శ్రీలంక వైపు, మన తూర్పు తీరం వైపు వచ్చే కెరటాన్ని ముందుగా చూసేవి అండమాన్ నికోబార్‌లోని అలల కొలమానాలు. పడమటి వైపున పాకిస్తాన్, ఇరాన్ తీరాల దగ్గర మక్రాన్ అనే మరో ప్రమాదకర పగులు ఉంది. 1945 నవంబరులో అక్కడ వచ్చిన భూకంపం అరేబియా సముద్రంలో పెద్ద సునామీని పుట్టించింది. మళ్లీ అలాంటిదే వస్తే గుజరాత్‌కు అవసరమయ్యే తొలి సమాచారం ఉండేది ఆ దేశాల దగ్గరే. ఒక దేశానికి వచ్చే ముప్పు ఇంకో దేశపు సముద్రంలో పుడుతుంది. అలాంటప్పుడు ఎవరి లెక్కలు వారు దాచుకుంటే అందరూ నష్టపోతారు.

హైదరాబాదు నుంచి ఇరవై ఎనిమిది దేశాలకు

2004 నేర్పిన పాఠంతో యునెస్కోలోని అంతర్‌ప్రభుత్వ సముద్రశాస్త్ర సంఘం 2005లో హిందూ మహాసముద్ర దేశాలను ఒక తాటి మీదికి తెచ్చింది. ఉమ్మడి సునామీ హెచ్చరిక వ్యవస్థ ఒకటి కట్టుకోవాలని అవి నిర్ణయించుకున్నాయి. అది సిద్ధమయ్యేదాకా హవాయి కేంద్రం, జపాన్ వాతావరణ సంస్థ ఈ సముద్రానికి కూడా తాత్కాలికంగా కాపలా కాశాయి.

భారతదేశం తరఫున ఆ బాధ్యత తీసుకున్నది హైదరాబాదులో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, మనం ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కను పీఠభూమి మీద ఉన్న ఈ కేంద్రంలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక విభాగం రాత్రింబగళ్లు పనిచేస్తోంది. 2011 అక్టోబరు నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండొనేసియా మూడూ మొత్తం హిందూ మహాసముద్ర ప్రాంతానికి సునామీ సమాచారం అందించే కేంద్రాలుగా బాధ్యత తీసుకున్నాయి. ఒకదాని లెక్క తప్పినా, ఒకదాని లైను తెగినా మిగతా రెండూ ఉంటాయి. ఈ వ్యవస్థలో సభ్య దేశాలు ఇరవై ఎనిమిది.

ఇక్కడి పని మూడు అంచెల్లో సాగుతుంది. మొదటిది భూకంపాన్ని గుర్తించడం. మన దేశంలోని కేంద్రాలతో పాటు ప్రపంచమంతటా ఉన్న వందల భూకంప కేంద్రాల సంకేతాలు ఎప్పటికప్పుడు ఇక్కడికి వస్తాయి. ఎక్కడ, ఎంత లోతున, ఎంత తీవ్రతతో వచ్చిందో నిమిషాల్లో తేలుతుంది. రెండోది కెరటం ఎంత ఎత్తున ఎక్కడికి రావచ్చో అంచనా వేయడం. అప్పటికప్పుడు లెక్క మొదలుపెడితే ఆలస్యమవుతుంది కాబట్టి, ఏ పగులు మీద ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత కెరటం వస్తుందో ముందుగానే వేల సందర్భాలకు లెక్కగట్టి భద్రపరిచారు. నిజంగా భూకంపం వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న సందర్భాన్ని వెదికి బయటికి తీస్తారు. మూడోది సరిచూసుకోవడం. సముద్రపు అడుగున ఉంచిన పీడన పరికరాలు కిలోమీటర్ల లోతులో కూడా నీటిమట్టంలో ఒక సెంటీమీటరు మార్పును పసిగట్టగలవు. ఆ కబురు పైన తేలే బోయాకు, అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా కేంద్రానికి చేరుతుంది. తీరంలోని అలల కొలమానాలు మిగతాది చెబుతాయి. కెరటం నిజంగా ఉంటే హెచ్చరిక కొనసాగుతుంది, లేకుంటే ఎత్తేస్తారు.

కెరటాల లెక్కల కోసం ఇన్‌కాయిస్ మొదట్లో వాడిన గణిత నమూనా జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో తయారైంది. సునామీలు ఎన్నోసార్లు చవిచూసిన ఆ దేశపు శాస్త్రజ్ఞులు తమ నమూనాను తమ దగ్గరే ఉంచుకోలేదు. దాన్ని ఇతర దేశాలకు అందించి, అక్కడి పరిశోధకులకు శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని ఎన్నో ఏళ్లు నడిపారు. నాగపట్నం నుంచి సుమత్రా దాకా ప్రతి తీరం లోతూ వంపూ వేరు. స్థానిక కొలతలు స్థానిక శాస్త్రజ్ఞులే నింపాలి. నమూనా ఒకరిది, తీరం ఒకరిది, ఫలితం అందరిదీ అయిన సందర్భం ఇది.

ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష 2012 ఏప్రిల్ 11న వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక సుమత్రా పడమట 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నై నుంచి కోల్‌కతా దాకా నేల కదిలింది, జనం వీధుల్లోకి వచ్చారు. పది నిమిషాలలోపే ఇన్‌కాయిస్ తొలి ప్రకటన ఇచ్చింది. నికోబార్‌కు పెద్ద హెచ్చరిక జారీచేసినా, తూర్పు తీరంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించాల్సిన స్థాయి ముప్పు లేదని చెప్పగలిగింది. ఆ భూకంపంలో సముద్రపు అడుగు పక్కపక్కకు జరిగింది తప్ప పెద్దగా పైకి లేవలేదు. అందుకే పెద్ద సునామీ రాలేదు. ప్రమాదం ఉందని చెప్పడం ఎంత అవసరమో, లేనప్పుడు లేదని ధైర్యంగా చెప్పడం అంతే అవసరం. అకారణంగా లక్షల మందిని పరుగులు పెట్టిస్తే మరుసటిసారి ఆ మాట ఎవరూ వినరు.

తుపాను పేర్ల వెనక ఉన్న ఒప్పందం

సునామీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. తుపాను ఏటా వస్తుంది. 1970 నవంబరు 12 రాత్రి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతాన్ని ఉప్పెన ముంచేసింది. మూడు లక్షల నుంచి ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా. చరిత్రలో ఇంత ప్రాణనష్టం చేసిన తుపాను మరొకటి నమోదు కాలేదు. ఆ విషాదం తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా ప్రాంతీయ సంఘం కలిసి 1972లో బంగాళాఖాతం, అరేబియా సముద్ర తీర దేశాలతో ఒక తుపాను మండలిని ఏర్పాటు చేశాయి. యుద్ధాలు జరిగినా, రాయబార సంబంధాలు తెగినా ఈ మండలిలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటూనే వచ్చాయి. ఈ ప్రాంతమంతటికీ తుపాను సూచనలు జారీచేసే ప్రత్యేక కేంద్రం ఢిల్లీలోని మన వాతావరణ శాఖలో ఉంది. కరాచీ రేవుకైనా, కాక్స్ బజార్‌కైనా ముప్పు ఉందంటే ఇక్కడి నుంచి సమాచారం వెళుతుంది.

మనకు బాగా తెలిసిన తుపాను పేర్లు ఈ ఒప్పందంలోంచి వచ్చినవే. 2004 నుంచి సభ్య దేశాలు ఇచ్చిన పేర్లను వరుసగా పెడుతున్నారు. విశాఖను కకావికలం చేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. ఫైలిన్ థాయిలాండ్‌ది, తిత్లీ పాకిస్తాన్‌ది, ఫణి బంగ్లాదేశ్‌ది. తర్వాత సభ్య దేశాలు పదమూడుకు పెరిగాయి. 2020లో ఒక్కో దేశం 13 పేర్ల చొప్పున మొత్తం 169 పేర్లతో కొత్త జాబితా తయారైంది.

పేర్ల కంటే విలువైనవి తెర వెనక చేతులు మారాయి. తుపానులో ఎక్కువ మందిని చంపేది గాలి కాదు, ఉప్పెన. తుపాను కేంద్రంలో గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. డెబ్బై మిల్లీబార్లు తగ్గినా అది ముప్పావు మీటరు లోపే. మిగతా ఎత్తు అంతా గాలి నీటిని తీరం మీదికి తోయడం వల్ల వస్తుంది. తీరం దగ్గర సముద్రం ఎంత దూరం దాకా లోతు తక్కువగా ఉంటే నీరు అంత ఎక్కువగా పోగుపడుతుంది. బంగాళాఖాతం ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకైపోతుంది, లోతు తగ్గుతుంది, నదుల డెల్టాలు పల్లంగా ఉంటాయి. దానికి ఆటు పోటుల్లో పోటు సమయం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. ఈ లెక్కలన్నీ చేసే ఉప్పెన నమూనాను ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసర్ ఎస్.కె. దూబే బృందం తయారుచేసింది. తుపాను మండలి ద్వారా ఆ నమూనా పొరుగు దేశాల వాతావరణ శాఖలకూ అందింది, అక్కడివారికి శిక్షణ కూడా దొరికింది.

ఉప్పెన అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పాల్సిన పని లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన నీరు సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేల మంది వరకు చనిపోయారు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా డెల్టా మీదికి వచ్చింది. ఈసారి ముందస్తు హెచ్చరికలు అందాయి, లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. అయినా పదమూడేళ్లలో వచ్చిన తేడా ఎంతదో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

ఒడిశా కథ కూడా ఇదే. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌కు దాదాపు పది వేల మంది బలయ్యారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపు సుమారు పది లక్షల మందిని తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. వాతావరణ శాఖ అంచనా, జిల్లా కలెక్టర్ల ప్రణాళిక, గ్రామ స్థాయిలో తుపాను షెల్టర్ల నిర్వహణ, స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణ అన్నీ ఒక దారంలోకి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది.

కబురు మధ్యలో ఆగిపోతే

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా బంగాళాఖాతంలోనే ఉంది. 2008 మే 2న నర్గీస్ తుపాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను ముంచింది. తుపాను ఎక్కడికి వస్తోందో మన వాతావరణ శాఖ రెండు రోజుల ముందే మయన్మార్‌కు తెలియజేసింది. శాస్త్రం దేశ సరిహద్దు దాటింది. డెల్టాలోని పల్లెల గడప మాత్రం దాటలేదు. ఏ ఊరు ఎంత లోతున మునుగుతుందో చెప్పేవారు లేరు. తల దాచుకునే గట్టి భవనాలు లేవు. ఎవరు ఎవరిని తరలించాలన్న ప్రణాళిక లేదు. చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిపి సుమారు లక్షా ముప్పై ఎనిమిది వేల మంది.

గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతా లంకెలు ఎంత గట్టివైనా బరువు కింద పడాల్సిందే. నర్గీస్ అదే చూపించింది. తర్వాతి ఏడాది, 2009లో, ఆసియా ఆఫ్రికా దేశాలు కలిసి థాయిలాండ్ కేంద్రంగా రైమ్స్ అనే ప్రాంతీయ హెచ్చరిక సంస్థను లాంఛనంగా ఏర్పాటు చేసుకున్నాయి. సొంతంగా పెద్ద కంప్యూటర్లు, నిపుణులు లేని చిన్న దేశాలకు అంచనాలు అందించడం, వాటిని రైతుకూ మత్స్యకారుడికీ పనికొచ్చే సలహాగా మార్చడం దాని పని.

ఉపగ్రహాల విషయంలో ఇలాంటి ఒడంబడిక అంతకుముందే కుదిరింది. ఎక్కడ పెద్ద విపత్తు వచ్చినా సభ్య అంతరిక్ష సంస్థలు తమ ఉపగ్రహాల చిత్రాలను ఉచితంగా అందించాలని చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం 2000 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఐరోపా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలు దీన్ని మొదలుపెట్టాయి. ఇస్రో 2001లో చేరింది. వరదల్లో ఏ మండలం మునిగిందో, ఏ రోడ్డు తెగిందో చూపే పటాలను మన దేశంలో తయారుచేసేది హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు ఈ ఒప్పందం కిందే దేశదేశాల ఉపగ్రహాలు ఆ కొండల వైపు తిరిగాయి.

శాస్త్రానికి ఊరే సగం బలం

ప్రయోగశాల నుంచి తీరానికి వచ్చే దారిలో అన్నిటికంటే కష్టమైనది ఆఖరి మెట్టు. బంగ్లాదేశ్ దాన్ని మనుషులతో కట్టింది. భోలా విషాదం తర్వాత 1972లో రెడ్‌క్రాస్ సాయంతో అక్కడ తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు అందులో 75 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు, సగం మంది మహిళలు. హెచ్చరిక రాగానే జెండాలు ఎగరేస్తారు, మెగాఫోన్లు, సైరన్లతో వాడవాడా తిరుగుతారు, వృద్ధులను, గర్భిణులను షెల్టర్లకు చేరుస్తారు. 1991 తుపానులో ఆ దేశంలో లక్షా ముప్పై ఎనిమిది వేల మంది చనిపోయారు. 2020 మేలో అంఫాన్ వచ్చినప్పుడు ఇరవై లక్షలకు పైగా జనాన్ని తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. మహిళా కార్యకర్తలు పెరగడం ఇందులో చిన్న విషయం కాదు. పరాయి మగవాడు వచ్చి ఇల్లు వదలమంటే కదలని ఇల్లాలు పక్కింటి ఆడపడుచు చెబితే కదులుతుంది.

శాస్త్రం ఊరికి నేర్పడమే కాదు, ఊరి నుంచి నేర్చుకోవాల్సినదీ ఉంది. 2004 భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న సిమెలూ దీవిలో దాదాపు 78 వేల మంది ఉంటే, సునామీలో చనిపోయినవారు ఏడుగురే. 1907లో వచ్చిన సునామీని ఆ దీవి జనం మరచిపోలేదు. నేల గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని తాతలు మనవలకు కథల్లో, పాటల్లో చెబుతూ వచ్చారు. కెరటం అక్కడికి నిమిషాల్లో చేరింది. అంత తక్కువ సమయంలో ఏ కేంద్రం హెచ్చరికా పనికిరాదు. పెద్దల మాటే పనికొచ్చింది.

ఈ రెండు జ్ఞానాలనూ కలిపే ప్రయత్నమే యునెస్కో సముద్రశాస్త్ర సంఘం నడుపుతున్న ‘సునామీ రెడీ’ గుర్తింపు. దానికి 12 సూచికలు ఉన్నాయి. ఊళ్లో ఏ భాగం మునుగుతుందో చూపే పటం ఉండాలి. ఏ దారిన ఎక్కడికి పోవాలో గ్రామస్థులే కలిసి గుర్తించి బోర్డులు పెట్టుకోవాలి. హెచ్చరిక ఇరవై నాలుగు గంటలూ అందుకునే ఏర్పాటు ఉండాలి. బడి పిల్లలతో సహా అందరూ ఎప్పటికప్పుడు కసరత్తు చేయాలి. 2020లో హిందూ మహాసముద్ర ప్రాంతంలో తొలిసారిగా ఈ గుర్తింపు పొందినవి ఒడిశాలోని రెండు మత్స్యకార గ్రామాలు, గంజాం జిల్లాలోని వెంకటరాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. ఒడిశాలో నోలియాలని పిలిచేది ఆ తీరంలో స్థిరపడిన, తెలుగు మూలాలున్న మత్స్యకారులను. మన తీరం నుంచి వలస వెళ్లినవాళ్ల పేరున్న వాడ ఈ సముద్రానికి దారి చూపిన రెండు ఊళ్లలో ఒకటి కావడం మనం గర్వంగా చెప్పుకోదగ్గ విషయం.

ఇంకా పూడ్చని గండ్లు

ఈ వ్యవస్థ పూర్తయిందని అనుకుంటే పొరపాటు. 2018 సెప్టెంబరులో ఇండొనేసియాలోని పాలూ నగరాన్ని సునామీ నిమిషాల వ్యవధిలో తాకింది. భూకంపం, సన్నని అఖాతం, సముద్రంలోకి జారిన నేల కలిసి చేసిన నష్టం అది. భూకంపం, సునామీ, కరిగిపోయిన నేల అన్నీ కలిపి నాలుగు వేల మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో అదే దేశంలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంలో పడడంతో మరో సునామీ వచ్చి నాలుగు వందల మందికి పైగా బలిగొంది. హెచ్చరికకు ఆధారమయ్యే పెద్ద భూకంపమే అప్పుడు రాలేదు. అగ్నిపర్వతాలను చూసేవారు, సముద్రాన్ని చూసేవారు, కొండచరియలను చూసేవారు వేరువేరు గదుల్లో పనిచేస్తే ఇలాంటి ముప్పు ఎవరి కంటా పడదు.

సముద్రంలోని బోయాలది మరో సమస్య. తేలే వస్తువు కింద చేపలు గుమిగూడతాయి. అందుకని కొన్ని బోట్లు వాటికి తాళ్లు కట్టుకుంటాయి. అలా కొన్ని బోయాలు పాడవుతుంటాయి, కొన్నిసార్లు పరికరాలు మాయమవుతాయి. ఒక బోయా ఆగిపోతే సునామీ నిజంగా వచ్చిందో లేదో తేల్చే కన్ను ఒకటి మూసుకున్నట్టే. పోలీసు కేసులతో ఇది తీరదు. ఆ బోయా ఎందుకుందో, అది ఎవరి పిల్లల కోసం పనిచేస్తోందో వేటకు వెళ్లేవారికి తెలిసినప్పుడే దానికి కాపలా దొరుకుతుంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో, సముద్రం ఎప్పుడు పోటెత్తుతుందో ఇన్‌కాయిస్ మత్స్యకారులకు రోజూ చెబుతోంది. ఆ రోజువారీ మేలు వల్ల పుట్టే నమ్మకమే ఆపద రోజున హెచ్చరికను నమ్మిస్తుంది. నల్లవాడులో జరిగింది అదే.

డేటా పంచుకోవడంలో కూడా వెనుకంజ ఉంది. భద్రత పేరుతో, ఆదాయం పేరుతో తీరం లోతుల కొలతలను, నదుల ప్రవాహ లెక్కలను దేశాలు, కొన్నిసార్లు ఒకే దేశంలోని శాఖలు దాచుకుంటాయి. తీరపు లోతు సరిగా తెలియకపోతే ఎంత గొప్ప నమూనా అయినా ఉప్పెన ఎంత దూరం వస్తుందో సరిగా చెప్పలేదు. 2015 మార్చిలో జపాన్‌లోని సెండాయ్ నగరంలో ప్రపంచ దేశాలు విపత్తు ముప్పు తగ్గించుకునే ఒప్పందానికి అంగీకరించాయి. దాని ఏడు లక్ష్యాల్లో ఒకటి అన్ని రకాల విపత్తుల ముందస్తు హెచ్చరికలూ, ముప్పు సమాచారమూ 2030 నాటికి ప్రజలకు అందుబాటులోకి తేవడం. 2027 చివరికల్లా భూమి మీద ప్రతి ఒక్కరికీ హెచ్చరిక వ్యవస్థ రక్షణ ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆ తర్వాత మరో గడువు పెట్టుకుంది. గడువులు దగ్గరపడుతున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. హిందూ మహాసముద్రమంతటికీ సునామీ కబురు చెప్పే కేంద్రాల్లో ఒకటి తెలుగు నేల మీదే ఉంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ప్రతి మత్స్యకార గ్రామం ఆ 12 సూచికలతో తనను తాను కొలుచుకునే రోజు రావాలి. ఏ దారిన పోవాలో, ఏ భవనం ఎక్కాలో తీరప్రాంత బడుల్లో ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ పాఠంగా చెప్పాలి. ఉప్పెన పటాలు కలెక్టరు కార్యాలయంలో బీరువాలో కాకుండా పంచాయతీ గోడ మీద ఉండాలి. విశ్వవిద్యాలయాల్లో జరిగే తీర పరిశోధన తెలుగులో తీరవాసుల చేతికి అందాలి, వారి అనుభవం తిరిగి పరిశోధకుల లెక్కల్లోకి చేరాలి. తీరంలో ఉన్నవారు ఈ వారంలోనే ఒక పని చేయవచ్చు. మీ ఊరి తుపాను షెల్టరు ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో, అర్ధరాత్రి హెచ్చరిక వస్తే మీ వీధికి ఎవరు చెబుతారో కనుక్కోండి. జవాబు దొరకకపోతే వచ్చే గ్రామసభలో ఆ ప్రశ్న అడగండి.